రెండో ఆంట్యె

నలభై రెండు కాగితాలు. అన్నీ టైపు కొట్టినవే. లోవెల్ వాటిని వంటింటి బల్ల మీద పెట్టి, అంచులు సమంగా తట్టి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నాలుగేళ్లుగా సెలవులన్నీ ఆ కాగితాలకే పోశాడు. ఆ మాత్రం గర్వం అతనికి ఉండక తప్పదు.

"వందేళ్లక్కా! ఐలర్ట్ తాతగారు డెబ్భై ఆరులో ఈ నేలలో నాగలి దించిన రోజు నుంచి నిన్నటి దాకా. ఒక్క పేరు వదల్లేదు చూసుకో."

రీకా స్టవ్ దగ్గర్నుంచి టీ కెటిల్ తెచ్చింది. యాభై ఒక్కేళ్ల మనిషి. మోకాళ్ల దాకా బురద ఎండిన ప్యాంటు, నెత్తిన విత్తనాల దుకాణం వాళ్లిచ్చిన టోపీ. మూడు కప్పుల్లో మూడు కలకండ ముక్కలు వేసి, మీద వేడి టీ పోసింది. కలకండ చిటపటమని పగిలింది. అంచు వెంట మీగడ జారవిడిచింది. ఎవరూ కలపలేదు. కలిపితే అది టీ కాదని మా వాళ్ల పట్టుదల. అమెరికాలో ఈ అయోవాకి వచ్చి మూడు తరాలైనా సముద్రం అవతలి ఊరి నుంచి తెచ్చుకున్నవాటిలో మిగిలింది ఆ పేర్లూ ఈ టీయే.

"చదువు," అంది రీకా.

ఆదివారం కుటుంబమంతా కలిసే రోజు. ఆరోజే గేటు దగ్గర నూరేళ్ల బోర్డు నిలబెట్టాలి. పొలం చేసినవాళ్ల పేర్లు, ఎవరు ఏ ఏట పగ్గం పట్టారో ఆ సంవత్సరాలు, తెల్ల బోర్డు మీద పచ్చ అక్షరాలతో. పట్నంలో పెయింటరు బోర్డు సిద్ధం చేసి పేర్ల కోసం కాచుకుని ఉన్నాడు.

లోవెల్ గొంతు సవరించుకున్నాడు. "ఐలర్ట్, పద్దెనిమిది వందల డెబ్భై ఆరు. ఆయన పెద్దకొడుకు యాన్, తొంభై తొమ్మిది. యాన్ కొడుకు హబ్బో, పంతొమ్మిది వందల పదకొండు."

"పదకొండులో నాన్నకి ఎనిమిదేళ్లు," అంది రీకా.

"యాన్ తాతగారు పోయింది ఆ ఏడేగా?"

"అందుకని ఎనిమిదేళ్లవాడు నూట అరవై ఎకరాలు దున్నాడంటావా?"

కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న హబ్బో గడ్డం పైకెత్తాడు. డెబ్భై మూడేళ్లు. కుడిచేతికి బొటనవేలూ చిటికెనవేలూ మాత్రమే ఉన్నాయి. మిగతావి యాభై ఎనిమిదిలో మొక్కజొన్న కండెలు విరిచే యంత్రం తీసుకుపోయింది. ఎడమచేత్తో కప్పు పట్టుకుని, "ఎనిమిదేళ్లకే కళ్లేలు పట్టాన్నేను," అన్నాడు. ఈ మాట ఆయన ఏటా అంటాడు. వినేవాళ్లు ఏటా తలూపుతారు.

"పట్టావులే నాన్నా. టాంటె పేరేది మరి?"

యాన్ తమ్ముడి మనవడు లోవెల్. కాగితాలు తిరగేశాడు. "టాంటె అంటే యాన్ గారి భార్యేగా? మా నాన్న ఉత్తరాల్లో ఎక్కడ చూసినా టాంటె, టాంటె అనే ఉంది. పేరు రాయలేదు."

ఉత్త అత్త అనే అర్థం ఆ మాటకి. ఇంటిల్లిపాదీ అలాగే పిలిచారు, ఊరూ అలాగే పిలిచింది. పిలిచీ పిలిచీ పేరు అరగదీసేశారు.

"యాన్ భార్య మా నానమ్మ. ఆవిడకి చూపు ఆనేది కాదు, గుమ్మం దిగేది కాదు. టాంటె యాన్ చెల్లెలు. నాన్నకి మేనత్త. పేరు ఆంట్యె."

"ఆంట్యె ఉంది!" లోవెల్ ముఖం వెలిగింది, వెంటనే ముడుచుకుంది. "కానీ అక్కా... ఎనభై ఒకటిలో పుట్టి, ఎనభై నాలుగులో పోయింది. మూడేళ్ల పిల్ల. చర్చి శ్మశానంలో రాయి చూశాను, ఫోటో కూడా తీశాను."

"అది మొదటి ఆంట్యె."

"మొదటి...?"

"బిడ్డ పోతే ఆ పేరు తర్వాత పుట్టినదానికి పెట్టేవాళ్లురా తమ్ముడూ. పేరు పోకూడదని. నువ్వు నెబ్రాస్కాలో పెరిగావు, నీకెవరు చెబుతారులే."

లోవెల్ చెవులు ఎర్రబడ్డాయి. "చర్చి పుస్తకంలో ఎనభై అయిదులో మళ్లీ అదే పేరు, అదే తల్లిదండ్రులు. పాస్టరుగారు పొరపాటున రెండుసార్లు రాశారనుకున్నాను. నేనే కొట్టేశాను."

"భేష్! పెన్సిలుతో మా టాంటెని చంపేశావన్నమాట. మరి యాన్ తాత పోయాక ఇరవై ఏడేళ్లు ఈ పొలం ఎవరు చేశారని రాసుకున్నావు?"

అతను గొణిగాడు. "పెదనాన్న చిన్నగా ఉన్నప్పుడు జీతగాళ్లెవరో చూసుకున్నారని..."

రీకా కెటిల్ బల్ల మీద పెట్టింది. మెల్లగా పెట్టలేదు. "నాన్నా, చెప్పు వీడికి."

హబ్బో మొదటి కప్పే తాగాడు. మూడు కప్పులు తాగందే బల్ల దగ్గర్నుంచి లేవని మనిషి. సాసర్లోని చెంచా తీసి ఖాళీ కప్పులో పడేశాడు. టంగుమంది. మా వాళ్లలో కప్పులో చెంచా వేస్తే ఇక చాలని. టీ చాలు, మాటా చాలు.

"లోవెల్ రాసింది బాగానే ఉంది," అని లేచి వరండాలోకి వెళ్లిపోయాడు.

లోవెల్ గొంతు తగ్గించాడు. "నా పుస్తకంలో దిద్దుకుంటానక్కా, ఒట్టు. కానీ బోర్డు చేయిస్తున్నది పెదనాన్న. పేర్లు ఆయన చెప్పినవే రాస్తానన్నాడు పెయింటరు. శనివారం సాయంత్రం దాకా టైముంది."

"పుస్తకం నలుగురు చదివి అటకెక్కిస్తారు. బోర్డు రోజూ నిలబడి ఉంటుంది," అంది రీకా.

శుక్రవారం పొద్దున్నే ఆమె పార భుజాన వేసుకుని పడమటి చెక్కలోకి నడిచింది. ఓట్స్ పంట కోసేసిన మోళ్ల మధ్య ఒకచోట నేల మెత్తబడి, నీళ్లు ఊరి, బండి చక్రమంత గుంట పడింది. ఆ నేల కింద నీటిని లాగి వాగులోకి పంపే మట్టి గొట్టాలున్నాయి. వాటివల్లే అది పొలం. లేకపోతే బాతులు ఈదే చిత్తడి. ఎక్కడో గొట్టం చితికింది, నీరు పైకి తన్నుతోంది. ఇప్పుడు పట్టుకోకపోతే వచ్చే వసంతానికి పదెకరాలు నాగలి ఎక్కనివ్వవు.

లోవెల్ పట్నపు బూట్లతో వెనకాలే వచ్చాడు. నిన్నటి మాట అతన్ని నిద్రపోనిచ్చినట్టు లేదు. గట్టు మీద పికప్ ఆపుకుని హబ్బో కిటికీలోంచి వేలు చూపించాడు. "అదిగో, ఆ గుంట నుంచి గొట్టం సూటిగా ఉత్తరానికి. నాకు తెలీదా?"

రీకా ఇనుప చువ్వ ఉత్తరాన దించింది. దిగిపోయింది. అడుగు పక్కన దించింది. మళ్లీ దిగిపోయింది. మెత్తటి నల్లమట్టి తప్ప ఏమీ తగల్లేదు. అరగంట పొడిచి పొడిచి చొక్కా తడిసిపోయింది.

"ఇంకాస్త ఉత్తరానికి!" అరిచాడు హబ్బో.

"ఇంకాస్త ఉత్తరానికి పోతే మిన్నెసోటా రాష్ట్రమే వస్తుంది నాన్నా!" అని ఆమె చువ్వ నేలలో గుచ్చి, లోవెల్‌ని చెయ్యి పట్టుకు లాక్కుపోయింది.

కండెల కొట్టు ఇంటి వెనకుంది. చెక్కల సందుల్లోంచి ఎండ చారలు చారలుగా పడుతోంది. లోపల పోయినేటి కండెల వాసన, ఎలుకల వాసన. రీకా మూలనున్న గోనెలు పక్కకి ఈడ్చింది. వెనక గోడ చెక్కల మీద నేల నుంచి తలెత్తు దాకా పెన్సిల్ గీతలు. వడ్రంగి పెన్సిల్‌తో బలంగా నొక్కి గీసినవి. పొలం మొత్తం బొమ్మ. గొట్టం పోయిన ప్రతి వరసా, ప్రతి మలుపూ, పక్కన లోతు, అడుగులూ అంగుళాలూ.

లోవెల్ గోడకి దగ్గరగా వచ్చాడు. టోపీ తీశాడు.

"చదువు. టీచరువి కదా."

అతను వంగి వేలితో చూపిస్తూ చదివాడు. "మూల రాయి నుంచి తూర్పుకి రెండువందల పన్నెండు అడుగులు. అక్కణ్నుంచి వాగు వైపు ఏటవాలు. లోతు మూడున్నర. ఏ. ఈ. పంతొమ్మిది వందల పదహారు, అక్టోబరు." ఆగాడు. "ఏ అంటే ఆంట్యె. ఈ అంటే మన ఇంటిపేరు, ఐలర్స్."

"మూడేళ్లకే పోయిన పిల్ల! ముప్పై రెండేళ్ల తర్వాత లేచొచ్చి మూడున్నర అడుగుల కాలువలు తవ్వింది. అదీ వాటం చూసి, చుక్క నీరు నిలవకుండా. మంచి పిల్లే."

"ఇక ఆపు అక్కా. సిగ్గుతో చస్తున్నాను."

"చావకు. టేపు పట్టుకో."

కొలిచారు. మూల రాయి నుంచి టేపు లాగుతూ లోవెల్, గుర్తుకి పుల్ల గుచ్చుతూ రీకా. రెండువందల పన్నెండు దగ్గర ఆగి, వాగు వైపు తిరిగి, గుంట ఎదురుగా పారతో మట్టి తీశారు. హబ్బో చూపించిన చోటుకి అది ఇరవై అడుగుల దూరం. పైన నల్లమట్టి, దాని కింద పసుపు బంక. ఆ బంక పారకి అంటుకుని వదల్లేదు. మాటిమాటికీ బూటు అంచుతో గీకాల్సి వచ్చింది. లోవెల్ అరచేతులు బొబ్బలెక్కాయి, అయినా పార ఇవ్వలేదు. మూడడుగుల అయిదంగుళాల దగ్గర టక్కుమంది.

రీకా గోతిలోకి దిగి మోకాళ్ల మీద కూర్చుని చేతులతో మట్టి తోసింది. ఎర్రటి మట్టి గొట్టం. అడుగు పొడవు ముక్కలు, ఒకదాని మూతికి ఒకటి ఆనించి వరసగా పేర్చినవి. ఒక్కటి మాత్రం చితికింది. పెంకులు ఏరి పడేసి, పూడిన మట్టి వేళ్లతో లాగింది. లోపల గళగళమని నీళ్లు కదిలాయి. అరవై ఏళ్ల కిందట పెట్టిన వాలు, ఇవాళ్టికీ పనిచేస్తోంది. "వినబడుతోందా? అదీ మా టాంటె!" అంది పైకి చూసి. ఆమె కళ్లలో నీళ్లు. వాటిని తుడుచుకునే ప్రయత్నం కూడా చేయలేదు.

కొత్త గొట్టం ముక్క పెట్టి, గోయి మాత్రం పూడ్చలేదు. రెండ్రోజులు నీటి పోత చూసి పూడుద్దామనుకుంది. గట్టు వైపు చూస్తే పికప్ లేదు. గొట్టం దొరకడం హబ్బో చూశాడు. చూసే వెళ్లిపోయాడు.

శనివారం శ్మశానంలో గడ్డి కోసే వంతు ఐలర్స్ వాళ్లది. రీకా యంత్రంతో వరసల మధ్య కోసి, రాళ్ల మొదళ్లలో కత్తెర పట్టింది. హబ్బో పికప్‌లోంచి దిగలేదు. కాళ్లు నొప్పులన్నాడు. ఆ కాళ్లతోనే పొద్దున కోళ్ల గూడు ఎక్కాడు.

ఐలర్ట్ రాయి పెద్దది. యాన్ రాయి దాని పక్కన. వాటికి ఎడంగా మోకాలెత్తు తెల్లరాయి, మీద గొర్రెపిల్ల బొమ్మ. వానలకి గొర్రెపిల్ల చెవులు అరిగిపోయాయి. కింద ఒక్క పేరు, ఆంట్యె. రెండు సంవత్సరాలు, మూడేళ్ల దూరం. ఆ రాయి పక్కన మనిషి పొడవున ఉత్త పచ్చగడ్డి.

రీకా ఆ గడ్డిని యంత్రంతో కోయలేదు. కత్తెరతో, మోకాళ్ల మీద, చివరిదాకా కోసింది. తర్వాత పికప్ దగ్గరికి నడిచి కిటికీ అంచు మీద రెండు చేతులూ ఆనించింది.

"ముప్పై ఎనిమిదిలో నాకు పదమూడేళ్లు. టాంటెని ఇక్కడ పెట్టి ఇంటికొచ్చాం. భోజనాల దగ్గర రాయి సంగతి అమ్మ అడిగింది. నువ్వేమన్నావో గుర్తుందా నాన్నా?"

హబ్బో ముందు అద్దంలోంచి రోడ్డు చూస్తున్నాడు.

"'పేరు రాయి మీద ఉందిగా, మళ్లీ ఎందుకు' అన్నావు. అప్పుడు నాకూ నిజమే కదా అనిపించింది. చిన్నదాన్ని. ఉన్న పేరు రెండోసారి చెక్కించడం దండగ అనుకున్నాను."

"ఆ రోజుల్లో వానల్లేవు. రాయికి డబ్బెక్కడిది?" అన్నాడు హబ్బో.

"తర్వాత కురిశాయిగా. ముప్పై ఎనిమిదేళ్లు కురిశాయి." ఆమె గొర్రెపిల్ల రాయి వైపు తల తిప్పింది. "ఏటా మే నెలలో టాంటె నన్ను వెంటబెట్టుకొచ్చి ఈ రాయి చుట్టూ గడ్డి పీకేది. 'నా పేరు నాకంటే ముందే మట్టిలో పడిందే రీకా, దాని కింద నేను దూరాలి' అని నవ్వేది. నిజంగానే దూర్చేశాం. అందుకే లోవెల్‌కి ఆమె కనబడలేదు. వాడి తప్పేముంది? ఉన్నది రాసుకున్నాడు. రేపు ఆ బోర్డు కూడా అబద్ధం చెప్పిందంటే, నేను దాని పక్కన నిలబడను నాన్నా. టీ పోసి లోపలే ఉంటాను."

హబ్బో ఎడమచేత్తో కిటికీ అద్దం పైకి తిప్పాడు. రీకా చేతులు తీసేసింది. పికప్ గులకరాళ్లు ఎగజిమ్ముతూ గేటు దాటింది. ఇంటివైపు కాదు, పట్నం వైపు. పంతానికి అటు తిరిగి ఊరంతా చుట్టి వస్తాడులే అనుకుంది. కత్తెరలు సంచిలో వేసుకుని మైలున్నర నడిచి ఇంటికి చేరింది. తిట్టుకుంటూనే నడిచింది.

ఆదివారం ఆరాధన అయ్యాక డెబ్భైమంది వచ్చారు. యంత్రాల షెడ్డు ఊడ్చి బల్లలు వేశారు. పంది తొడ మాంసం, బంగాళాదుంపల సలాడ్, రూబార్బ్ కాడల తీపి రొట్టె, పిల్లలకి నిమ్మనీళ్లు, పెద్దలకి టీ. లోవెల్ తన కాగితాల కట్ట ఒక్కొక్కరికీ ఇచ్చాడు. మొదటి పేజీలో సిరాతో దిద్దాడు. మొదటి ఆంట్యె, రెండో ఆంట్యె. డెబ్భై కట్టల్లోనూ చేత్తో దిద్దాడు. బొబ్బల చేతికి గుడ్డపీలికలు చుట్టుకుని మరీ.

రీకా టీ దగ్గరే ఉంది. గేటు దగ్గరికి అందరూ కదిలారు. "అక్కా, రావా?" అన్నాడు లోవెల్.

"కెటిల్ పొయ్యి మీదుంది."

"కెటిల్‌కి కాళ్లొచ్చి పారిపోతుందా? నా కోసం రా."

ఆమె ఏప్రన్‌తోనే వచ్చి అందరికంటే వెనక నిలబడింది. బోర్డు మీద పాత దుప్పటి కప్పి ఉంది. హబ్బో ఆదివారపు సూటులో దాని పక్కన నిటారుగా నిలబడ్డాడు. ఏమీ మాట్లాడకుండా ఎడమచేత్తో దుప్పటి లాగాడు.

తెల్ల బోర్డు. పచ్చ అక్షరాలు. కింది వరసల పెయింట్ ఇంకా మెరుస్తోంది.

ఐలర్ట్, 1876. యాన్, 1899. ఆంట్యె, 1911. హబ్బో, 1938. రీకా, 1958.

రీకా రెండోసారి చదివింది. ఆఖరి వరస మూడోసారి. పక్కనున్నవాళ్లు ఆమె వైపు తిరుగుతున్నారు. ఆమెకి ఏప్రన్‌తో ఏం చేయాలో తోచలేదు. దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడిపోయింది.

ముందు వరసలోంచి పొరుగు పొలం మెయినర్ట్ ముసలాయన కేకేశాడు. "ఏమోయ్ హబ్బో! ఎనిమిదేళ్లకే కళ్లేలు పట్టానని యాభై ఏళ్లు మా చెవులు తినేశావు. ఇప్పుడు ముప్పై ఎనిమిదంటావేంటి? పెయింటరు తాగి రాశాడా?"

అందరూ నవ్వారు. హబ్బో నవ్వలేదు. నవ్వులు ఆగేదాకా చూశాడు.

"పట్టాను. కాదన్లేదు. కానీ నా చేతుల మీద ఆమె చేతులుండేవి." మొండి కుడిచెయ్యి పైకెత్తి ఎడమచేత్తో దాన్ని కప్పి చూపించాడు. "గుర్రాలకి తెలుసు ఎవరి చేతులో. ఎవరి పట్టుకి ఆగుతున్నాయో వాటికి తెలుసు. నాకు తెలీనట్టు ఉండిపోయాను."

గేటు ఎక్కిన పిల్లలు దిగి దగ్గరికొచ్చారు.

"ఆమెకి రాయి కూడా వేయించలేదు. పేరు ఉందిగా అనుకున్నాను. పేరుంది, మనిషి లేదు. నిన్న చెక్కేవాడితో చెప్పొచ్చాను. ఆకులు రాలేలోపు పెడతానన్నాడు." ఎడమచేత్తో టై సర్దుకున్నాడు. "పడమటి చెక్క ఆమె ఆరబెట్టిన నేల. ఆ నేల తిండి తినే మీరందరూ ఇంతయ్యారు. తిండి చల్లారిపోతోంది, పదండి."

జనం బోర్డు ముందుకి తోసుకున్నారు. తలలో తల దూర్చి చదివారు, పిల్లల్ని ఎత్తుకుని చూపించారు. నెబ్రాస్కా నుంచి వచ్చిన ముసలావిడ ఒకామె, "టాంటె పేరు ఆంట్యెనా! నాకు మేజోళ్లు అల్లిచ్చింది, పేరు మాత్రం ఇవాళే విన్నాను," అని కళ్లొత్తుకుంది. లోవెల్ ఆమె చెప్పేది ఉన్నపళాన కాగితం వెనక రాసుకున్నాడు.

రీకా ఎవరి కంటా పడకుండా షెడ్డులోకి వచ్చేసింది. కెటిల్ మూత టపటపలాడుతోంది. దించింది. హబ్బో వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. టై వదులు చేసుకుని కప్పు ముందుకి జరిపాడు. ఆమె కలకండ వేసి టీ పోసింది. ఇద్దరూ ఆ చిటపట విన్నారు. ఆయన తాగాడు, మళ్లీ జరిపాడు. ఆమె పోసింది. మూడోది కూడా పోసింది.

మూడో కప్పు ఖాళీ అయింది. రీకా చూపు చెంచా మీద ఉంది. హబ్బో దాన్ని తీశాడు. చూశాడు. మళ్లీ సాసర్లోనే పెట్టి, కప్పు ఆమె వైపు జరిపాడు.

"రేపేంటి పని?" అన్నాడు.

ఆయన చెయ్యి పోయి పొలం ఆమె చేతికొచ్చి పద్దెనిమిదేళ్లు. ఈ పద్దెనిమిదేళ్లలో ఏ రోజూ ఆయన ఆ మాట అడగలేదు. పొద్దున్నే లేచి ఇది చెయ్యి, అది చెయ్యి అని చెప్పేవాడు. ఆమె సరేనని తనకి తోచిందే చేసుకునేది.

"గోయి పూడ్చాలి నాన్నా," అంది కప్పులో కలకండ వేస్తూ. "నీళ్లు బాగానే పోతున్నాయి. మట్టి నేను లాగుతాను. ట్రాక్టరు నువ్వు తోలు."

"ఎన్నింటికి?"

"ఆరింటికల్లా."

హబ్బో తలూపాడు. ఆమె నాలుగో కప్పు పోసింది.